‘చూస్తాను’ అనలేదు

నవంబర్ 6, బుధవారం

మధ్యాహ్నం నా పాత లాయర్ల ఆఫీసు ముందు నుంచి నడిచాను. కావాలనే. కిటికీలోంచి చూస్తే నా పాత భాగస్వాములిద్దరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. వచ్చే వారం ఆడిటరు వస్తాడు. క్లయింట్ల ఖాతా ఒకటి, ఆఫీసు ఖాతా ఒకటి. అందులోది ఇందులోకి ఒక్క పెన్నీ జారినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళు నేనూ అలాగే కూర్చున్నాను. ఒకసారి తపాలా ఖర్చు తప్పు ఖాతాలోంచి పోయిందని క్రిస్మస్ ముందు రోజు ఇంట్లో కేకు వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను.

చెయ్యి ఊపాను. హ్యూ చూశాడు కానీ తిరిగి ఊపలేదు. పాపం, చేతినిండా వోచర్లు.

ఊరి పాలన చూసే కౌన్సిల్లో లాయరుగా చేరి వేసవికాలం దాటింది. స్థానిక కౌన్సిల్ ఉద్యోగంలో ఉన్న లాయరుకు ఆ డబ్బు నిబంధనలేవీ వర్తించవు. పూర్తి మినహాయింపు. మా లాయర్ల సంస్థ పుస్తకంలో దాని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవాలనిపిస్తుంది. సబబే కదా మరి. ఇక్కడ నా క్లయింటు ఎవరు? కౌన్సిల్. డబ్బు ఎవరిది? కౌన్సిల్‌ది. తన డబ్బు తన దగ్గర పెట్టుకోవడానికి ఎవరైనా వేరే గల్లాపెట్టె కొంటారా?

జీతం తగ్గింది. నిద్ర పెరిగింది. బేరం నాకే లాభం.

నవంబర్ 19, మంగళవారం

పొద్దున్నే మొరీన్ అక్క ఫోను. “మేమిద్దరం నీ ఆఫీసుకొస్తున్నాం, నేనూ, ఆ నార్మన్ సగ్డెనూ. వేరే వేరే బస్సుల్లో.”

బ్యాండు గొడవే అయి ఉంటుందనుకున్నాను. అదే. పోయినేడు చనిపోయిన, ట్రాంబోన్ బాకా ఊదే ముసలాయన తన సేవింగ్సు మొత్తం రిడ్జ్‌షా బ్రాస్ బ్యాండుకు రాసిపోయాడు. వీధుల్లో క్రిస్మస్ పాటలు వాయించి డబ్బాల్లో పోగేసిందీ కలిపితే ముప్ఫై ఎనిమిది వేల పౌండ్లు. డబ్బు లేనన్నాళ్ళూ కలిసే ఉన్నారు. వచ్చిన మర్నాటి నుంచీ బ్యాండు రెండు ముక్కలు. అక్క వాళ్ళేమో ప్రాక్టీసు చేసుకునే కౌన్సిల్ హాలుకు కప్పు వేయించి, పాతికేళ్ళకు లీజు రాయించుకుందాం అంటారు. నార్మన్ వాళ్ళేమో కొత్త వాయిద్యాలు అంటారు. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు.

నార్మన్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు. “ఈవిడ చేతికి చెక్కు ఇస్తే ఆ హాలు నెత్తిన పోసేస్తుంది, అమ్మాయ్. ఆ కప్పు తాగినంత డబ్బు మా బావ కూడా తాగలేదు.”

“ఈయన చేతికిస్తే ప్రతివాడికీ తళతళలాడే బాకా ఒకటి కొంటాడు. ఊదుకోవడానికి చోటు మాత్రం బస్టాపు,” అంది అక్క.

“బస్టాపులో అయినా శ్రుతిలో ఊదుతాం మేము.”

“నువ్వా? శ్రుతా?”

టీ తెప్పించాను. చివరికి విషయం బయటికొచ్చింది. ఇద్దరూ ఒక్క దాంట్లోనే కలిశారు: తాము ఒక మాట మీదికి వచ్చేదాకా సొమ్ము నా దగ్గర ఉండాలి. రెండు సంతకాలూ చేసిన చెక్కు పట్టుకునే వచ్చారు. ఒకరి కలంతో ఒకరు సంతకం పెట్టలేదట, రెండు రంగుల సిరా.

“మా నాన్న కాలం నుంచీ అంతే కదా,” అన్నాడు నార్మన్. “ఇద్దరికి పడకపోతే లాయరు దగ్గర పెట్టాలి. నువ్వు ఈవిడ చెల్లెలివే అయినా లాయరువి. లాయరువి కాబట్టి పర్లేదు.”

నేను ఇప్పుడు ఆ రకం లాయరుని కాదు, నా దగ్గర క్లయింట్ల ఖాతా లేదు అని చెప్పి ఉండొచ్చు. కానీ ఆ హాలు లీజు ఫైలు నా బల్ల మీదే ఉంది, నేనే చూస్తున్నాను. లీజు కౌన్సిల్ పని. ఆ లీజు కోసం వచ్చే డబ్బు కూడా, ఒకరకంగా చూస్తే, కౌన్సిల్ పనే. నేను ఒకరకంగా చూశాను.

“మీరిద్దరూ కలిసి వచ్చి అడిగిన రోజున తిరిగి ఇస్తానని హామీ ఇస్తున్నాను,” అన్నాను.

ఆ వాక్యం దానంతట అదే వచ్చింది. మా వృత్తిలో ‘హామీ’ అనేది ఊరికే వాడే మాట కాదు. ‘చూస్తాను’ అనొచ్చు, ‘ప్రయత్నిస్తాను’ అనొచ్చు. లాయరు నోటి నుంచి ‘హామీ’ వచ్చిందంటే ఇక తిరుగు లేదు, ఇల్లు అమ్మి అయినా నిలబెట్టుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళు అన్నాను, నిలబెట్టుకున్నాను. ఇక్కడికొచ్చాక ఇదే మొదలు. చాలా సంతోషంగా అనిపించింది. ఈ భవనంలో అందరూ కౌన్సిల్ కోసం వస్తారు. వాళ్ళిద్దరూ నా కోసం వచ్చారు.

చెక్కు పట్టుకుని కింద క్యాషు కౌంటరుకు వెళ్ళాను. “ఏ పద్దు కింద వెయ్యనండీ?” అంది అక్కడి అమ్మాయి. బ్యాండు, హాలు, వాళ్ళ సొమ్మే, నా దగ్గర దాచుకుంటున్నారు అని చెప్పాను. “అలాంటి పద్దు లేదండీ. దగ్గరగా ఉన్నదంటే ‘మరమ్మతులకు చందాలు’.”

“అందులో కొట్టెయ్యమ్మా,” అన్నాను.

పాత ఆఫీసులో అయితే దీనికి పూట పట్టేది. ఎంత హాయి!

డిసెంబర్ 15, ఆదివారం

మార్కెట్ వీధిలో బ్యాండు క్రిస్మస్ పాటలు. వాన, దాంట్లో కాస్త మంచు. అక్క వాళ్ళు ఒక పక్క, నార్మన్ వాళ్ళు ఒక పక్క, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఎవరిదో కుక్క వచ్చి కూర్చుంది. అయినా ఏటా వాయించే ఆ పాత పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం ఏ పక్క ఎవరో చెవికి తెలియలేదు. మా అమ్మ చనిపోయిన ఏడాది కూడా ఇదే మూల నిలబడి విన్నాను. కళ్ళు తడిశాయి. వాన వల్ల కాదు.

పాటకూ పాటకూ మధ్య నార్మన్ తన పెద్ద బాకా చంకన పెట్టుకుని అరిచాడు. “మన సొమ్మెలా ఉంది, అమ్మాయ్?”

“మీకంటే వెచ్చగా ఉంది!” అన్నాను. జనం నవ్వారు.

జనవరి 13, సోమవారం

అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచారు. ఆర్థిక విభాగం అధిపతి ఫిలిప్పా హోల్ట్ ఒక కాగితం చదివింది. కౌన్సిల్ దగ్గర డబ్బు అయిపోయింది. ఈ ఏడాది లెక్క పొసగదు. చట్టప్రకారం ఆవిడ నోటీసు ఇచ్చేసింది కాబట్టి ఈ రోజు నుంచి కొత్త ఖర్చు అనేది లేదు. చట్టం తప్పనిసరి చేసినవి, ముందే కట్టుబడి ఉన్నవి తప్ప పెన్నీ కదలాలన్నా ముగ్గురు కూర్చున్న కమిటీ ఒప్పుకోవాలి. మీటింగులో బిస్కెట్లు కూడా లేవు. అప్పుడే అర్థమైంది జనానికి.

మా న్యాయ విభాగం అధిపతి డెంజిల్ మొహం సున్నం కొట్టినట్టు అయింది. నన్నే అడిగాడు, “మీ ఫైళ్ళలో డబ్బు ఇరుక్కున్నవి ఏమైనా ఉన్నాయా, లోర్నా?”

“ఏమీ లేవు,” అన్నాను. నిజమే. బ్యాండుది ఖర్చు కాదు. కౌన్సిల్ డబ్బే కాదు. దానికేమీ కాదు.

జనవరి 14, మంగళవారం

దానికేమీ కాదు.

జనవరి 30, గురువారం

అమ్మేసే ఆస్తుల జాబితా వచ్చింది. పాత స్నానాల భవనం, రెండు కారు పార్కులు, బ్యాండు హాలు. ఏప్రిల్లో వేలం.

లీజు ఫైలు మూసేశాను. అక్కకు నేనే ఫోను చేసి చెప్పాను. “కప్పు కారుతుందని చెప్పారా కొనేవాళ్ళకి?” అంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

అక్క, నార్మన్ వచ్చారు. ఒకే బస్సులో. పక్కపక్క సీట్లలో కాదనుకోండి.

మెథడిస్టు చర్చి వాళ్ళు పాత సండే స్కూలు గది అమ్ముతున్నారట. ముప్ఫై ఎనిమిది వేలకు బ్యాండుకైతే ఇస్తామన్నారు. మార్చి నెలాఖరులోగా కట్టకపోతే తివాచీల వ్యాపారి ఒకడు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతాడు. గది లేకపోతే ఏప్రిల్ నుంచి బ్యాండుకు నిలువనీడ ఉండదు. పిల్లల బ్యాండు ఇప్పటికే చెదిరిపోతోంది, సగం మంది ఫుట్‌బాలుకు వెళ్ళిపోయారు.

“కొత్త బాకాలు రేపైనా కొనుక్కోవచ్చు. ఊదేవాళ్ళే లేకపోతే ఏం కొంటాం?” అన్నాడు నార్మన్, కిటికీ వైపు చూస్తూ.

“నేనూ అదే అన్నాను. నాలుగు నెలల కిందట,” అంది అక్క.

“కప్పు గురించి అన్నావు నువ్వు.”

“కప్పు కింద ఏముంటుంది మరి?”

ఆపాను. “ఇద్దరూ కలిసి అడుగుతున్నారా?”

“అడుగుతున్నాం.” ఇద్దరూ ఒకేసారి.

“అయితే ఇంకేం,” అన్నాను. “వారంలో వచ్చేస్తుంది.”

ఫిబ్రవరి 12, బుధవారం

ఫిలిప్పా దగ్గరికి వెళ్ళాను. నవ్వుతూనే వెళ్ళాను.

“ఏ డబ్బు?” అంది.

చెప్పాను. కంప్యూటర్లో వెతికింది. “ఆ, ఉంది. మరమ్మతులకు చందా. నోటీసు ఇచ్చిన రోజునే చందాల పద్దులన్నీ తీసి లోటులో కలిపేశాం.”

“అది చందా కాదు, ఫిలిప్పా. వాళ్ళు దాచుకున్న సొమ్ము.”

“అలా అని ఎక్కడ ఉంది?”

“నేను చెబుతున్నాను.”

“అది నాకు వినిపిస్తోంది. ఎక్కడ ఉంది అని అడుగుతున్నాను.” గట్టిగా అనలేదు, అలసటగా అంది. ఆవిడ కూడా ఇంటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో. “చూడండి లోర్నా, చందా అయితే మాది. దాన్ని వెనక్కి ఇవ్వడం కొత్త ఖర్చు, నేను ఇవ్వలేను. తిరిగి ఇచ్చేస్తామని మేము ముందే కట్టుబడి ఉంటే అది వేరు, అప్పుడు ఇచ్చి తీరాలి. కట్టుబడ్డామా?”

కమిటీ ముందుకు రమ్మంది. మార్చి 4.

పాత ఆఫీసు దివాలా తీసినా క్లయింట్ల ఖాతాలో పెన్నీని ఎవడూ ముట్టుకోలేడు. అందుకేనేమో ఆ రెండు ఖాతాలు, ఆ ఆడిటరు, ఆ క్రిస్మస్ ముందు రోజు. ఇక్కడ ఉన్నది ఒకే ఖాతా. కౌన్సిల్ మునిగితే అందులో ఉన్నవాళ్ళందరి సామానూ మునిగినట్టే.

అయినా ఇది సర్దుకుపోయే విషయమే. కమిటీలో ఉన్నది మనుషులే కదా.

ఫిబ్రవరి 13, గురువారం

డెంజిల్ నన్ను కాలవ గట్టు మీదికి నడవడానికి తీసుకెళ్ళాడు. ఆఫీసులో చెప్పలేని మాటలకు అతను ఆ గట్టు వాడతాడు.

“ఆ రోజు మీరు వాళ్ళతో సరిగ్గా ఏమన్నారు? హామీ అన్నారా, చూస్తాను అన్నారా? ఆలోచించి చెప్పండి. దయచేసి ఆలోచించకుండా చెప్పకండి.”

నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు.

“హామీ అన్నారనుకోండి. కౌన్సిల్ తరఫున హామీ ఇచ్చే అధికారం మీకు లేదు. లీజు ఇచ్చే కౌన్సిలుకి లాయరుగా ఉంటూ లీజు పుచ్చుకునేవాళ్ళ డబ్బు పట్టుకున్నారు. అందులో ఒకరు మీ అక్క. ఆ మినహాయింపు కౌన్సిల్ పని వరకే, ఇది కౌన్సిల్ పనని మీరు ఎలా నిరూపిస్తారు? నేను మీ మీద లాయర్ల సంస్థకు రాయాలి, రాయకపోతే నా మీద రాస్తారు. ఉద్యోగం పోతుంది. కమిటీ ఇవ్వనంటే ఆ సొమ్ము మీ జేబులోంచి కట్టాలి.”

“‘చూస్తాను’ అన్నాననుకోండి?”

“ఏముంది? మంచిమనసుతో సాయం చేద్దామనుకున్న ఉద్యోగి. పద్దు పేరు తప్పు పడింది. విచారకరం.” రాయి ఒకటి తన్నాడు, నీళ్ళలో పడింది. “రాతలో ఏమీ లేదు లోర్నా. గదిలో ఉన్నది మీరు ముగ్గురే.”

మంచివాడు డెంజిల్. నాకంటే పదేళ్ళు చిన్న. నా మేలు కోరే చెబుతున్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆ రోజు జలుబుగా ఉంది నాకు. సరిగ్గా ఏమన్నానో.

ఫిబ్రవరి 17, సోమవారం

‘నేను చూసుకుంటాను’ అని ఉంటానేమో. ఎవరైనా వస్తే సాధారణంగా అనే మాట అదే. ‘హామీ’ అన్నా కూడా మామూలు మాటగా అని ఉంటాను, అక్కచెల్లెళ్ళం కదా. ‘చూస్తాను’ కూడా చెడ్డ మాటేమీ కాదు. మర్యాదైన మాట.

పోయిన ఏడే ఇంటి అప్పు తీరింది. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 20, గురువారం

కమిటీకి నా వాంగ్మూలం ముసాయిదా రాశాను. “నా జ్ఞాపకం మేరకు, ఈ విషయం చూస్తానని సదరు వ్యక్తులకు తెలియజేశాను.” శుభ్రంగా ఉంది. డెంజిల్ చదివి, “చాలా బాగుంది,” అన్నాడు. మార్చి 4న వాళ్ళిద్దర్నీ విన్న తర్వాత ఆఖర్న నన్ను అడుగుతారట.

ఫిబ్రవరి 23, ఆదివారం

అక్క ఇంట్లో మధ్యాహ్న భోజనం. బీఫు, గ్రేవీ, ఓవెన్లో పొంగిన పిండి పుడ్డింగులు. అక్క పుడ్డింగు ముందు ఏ రెస్టారెంటూ పనికిరాదు, ఆ సంగతి ఆవిడకు తెలుసు, అందరికీ చెబుతుంది కూడా.

డబ్బు గురించి అడుగుతుందని చూశాను. అడగలేదు. నాకే ఊరికే ఉండబుద్ధి కాలేదు. కమిటీ గురించి చెప్పాను. ఇద్దర్నీ పిలుస్తారు, ఆ రోజు నేను ఏమన్నానో అడుగుతారు, నేను అన్న మాటను బట్టి ఉంటుంది అన్నాను.

“ఎలా ఉంటుంది?”

“ఒక మాట అయితే డబ్బు వస్తుంది. ఇంకో మాట అయితే రాదు.”

“మరి నీకేమవుతుంది?”

“మొదటి మాట అయితే ఉద్యోగం పోవచ్చు. లైసెన్సు కూడా.”

అక్క నా మొహం వంక చూసింది. “ఇంకో బంగాళదుంప వేసుకో,” అంది. “చిక్కిపోయావు.”

అంతే. ఆ మాట ఏదో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఆవిడ బ్యాండు పిచ్చి నాకు తెలియనిదా, జరిగింది జరిగినట్టు చెప్పేస్తుంది. చెప్పనీ. నా జ్ఞాపకం నాది.

మార్చి 4, మంగళవారం

ఇది వరసగా రాయాలి.

రెండో అంతస్తు గది. మధ్యలో ఫిలిప్పా, ఇటూ అటూ ఇద్దరు కౌన్సిలర్లు. పక్కన డెంజిల్, రాసుకోవడానికి. నన్ను గోడవార కూర్చోబెట్టారు. నా ఒళ్ళో ముసాయిదా.

ముందు నార్మన్‌ని పిలిచారు. బ్యాండు కోటు వేసుకొచ్చాడు, బొత్తాలు తోముకున్నాడు. ఫిలిప్పా అడిగింది, “ఆ డబ్బు గురించి ఈవిడ మీకు సరిగ్గా ఏం చెప్పారు, సగ్డెన్ గారూ?”

“చూస్తాను అంది.”

“హామీ అనే మాట వాడారా?”

“నాకు కుడి చెవి వినపడదమ్మా. ఎడమ చెవికి ‘చూస్తాను’ అనే వినపడింది.”

ఆయన నా వైపు చూడలేదు. నాకు ఆశ్చర్యమేసింది. ముసలితనం, మర్చిపోయాడు, పాపం అనుకున్నాను. కాస్త తేలిగ్గా కూడా అనిపించింది, ఎందుకు దాచాలి.

తర్వాత అక్క. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది. అదే ప్రశ్న.

“చూస్తాను అంది,” అంది అక్క.

“అంతేనా?”

“అంతే. మా చెల్లెలు ఎప్పుడూ అంతేనండీ. చిన్నప్పట్నించీ చూస్తానంటుంది, చెయ్యదు. మా అమ్మకి కర్టెన్లు కుడతానంది, అమ్మ పోయింది గానీ కర్టెన్లు రాలేదు. దీని మాట పట్టుకుని మేం డబ్బు ఇవ్వడం మా బుద్ధితక్కువ.”

కౌన్సిలర్లలో ఒకాయన నవ్వు ఆపుకున్నాడు. డెంజిల్ కలం చకచకా కదిలింది, అతని భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఫిలిప్పా కాగితాలు సర్దుకుంటూ అంది, “అయితే స్పష్టంగానే ఉంది. కౌన్సిల్ ఏమీ కట్టుబడలేదు. లోర్నా, మీరు కూడా అదే అంటారు కదా?”

నేను చెయ్యాల్సిందల్లా చేతిలో ఉన్న ఒక్క వాక్యం చదవడం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది నీతి గురించి కాదు, నాకు నేను అబద్ధం రాసుకోను. చూస్తానంటుంది, చెయ్యదు! నేనా? ఈ ఊళ్ళో సగం ఇళ్ళు నా మాట మీద చేతులు మారాయి. బ్యాంకులు ఇళ్ళ పత్రాలు వదిలింది నా మాట మీద. కొనేవాడి డబ్బు రాకముందే అమ్మేవాడు సామాను సర్దుకుంది నా మాట మీద. ఆ గదిలో, రికార్డులోకి, డెంజిల్ దస్తూరీలో, నన్ను ‘చూస్తాను’ అనే లాయరుగా రాసి పెడుతున్నారు. నేనే రాసిచ్చాను, రెండు వారాల కిందట, శుభ్రంగా టైపు చేసి.

లేచాను. “కాదు,” అన్నాను. “వీళ్ళిద్దరూ చెప్పింది తప్పు. నేను ‘చూస్తాను’ అనలేదు. ఇద్దరూ కలిసి అడిగిన రోజున తిరిగి ఇస్తానని హామీ ఇచ్చాను. హామీ అనే మాటే వాడాను. అర్థం తెలిసే వాడాను.”

“కూర్చోవే,” అంది అక్క, పళ్ళ మధ్య నుంచి.

డెంజిల్ మెల్లగా అన్నాడు, “లోర్నా, మీ వాంగ్మూలంలో...”

“అది తప్పు. చింపెయ్యండి. కాదు, చింపకండి, దాన్నీ రికార్డులో పెట్టండి.”

“హామీ ఇచ్చే అధికారం మీకు ఉందా?” అంది ఫిలిప్పా.

“లేకపోవచ్చు. అది వాళ్ళకెలా తెలుస్తుంది? కౌన్సిల్ భవనంలో, కౌన్సిల్ లాయరు, కౌన్సిల్ హాలు గురించి అన్న మాట అది. డబ్బు నిబంధనల నుంచి నాకు మినహాయింపు ఉంది. ఇచ్చిన మాట నుంచి మినహాయింపు ఎవరికీ లేదు. కౌన్సిల్ కట్టుబడి ఉందని నా సలహా, మీ లాయరుగా. కాదంటారా, నా ఇల్లు అమ్మి నేను కడతాను. ఆ తర్వాత ఆ డబ్బు కోసం కౌన్సిల్ మీద దావా వేస్తాను. కౌన్సిల్ లాయర్లు ఎంతటివాళ్ళో నాకు బాగా తెలుసు.”

డెంజిల్‌కి దగ్గు వచ్చింది.

మమ్మల్ని బయటికి పంపారు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మళ్ళీ పిలిచి ఫిలిప్పా చదివింది. హామీ రుజువైంది కాబట్టి కౌన్సిల్ ముందే కట్టుబడి ఉన్న బాధ్యతగా లెక్కించి పూర్తి సొమ్ము బ్యాండుకు తిరిగి చెల్లించాలి. హామీ ఇచ్చిన అధికారి విషయం లాయర్ల సంస్థకు నివేదించాలి. విచారణ ముగిసేదాకా ఉద్యోగం నుంచి తప్పించాలి. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, “డబ్బు శుక్రవారం వెళ్తుంది, నేనే చూ...” అని ఆగింది. “నేనే పంపుతాను.”

మెడలో గుర్తింపు కార్డు తీసి డెంజిల్‌కి ఇచ్చాను. “చాలా బాగుంది అన్నాను కదండీ, ఆ వాంగ్మూలం,” అన్నాడు బాధగా.

“బాగానే ఉంది డెంజిల్. నాది కాదు, అంతే.”

వరండాలో అక్క నా మీద విరుచుకుపడింది. “తెలివి ఉందా నీకు? యాభై ఏళ్ళు దాటాయి, ఎప్పుడొస్తుందే? నేను చక్కగా అంతా సర్దిపెడితే! కర్టెన్ల సంగతి కూడా ఎత్తాను, వాళ్ళు నమ్మాలని! నాకెంత కష్టమైందో తెలుసా అందరి ముందూ నిన్ను అలా అనడానికి?”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

నార్మన్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. “నా చెవులు రెండూ బాగానే వినపడతాయి, అమ్మాయ్,” అన్నాడు.

“ఇద్దరూ మాట్లాడుకుని వచ్చారా?”

“నేనా? వీడితోనా?” అంది అక్క.

“మొన్న మీ పాత ఆఫీసు హ్యూని అడిగితే చెప్పాడు, హామీ అని తేలితే నీ ఉద్యోగం పోతుందని,” అన్నాడు నార్మన్. “ఈవిడకు తెలియదనుకున్నా. ఈవిడ వెళ్ళి నిజం చెప్పేసి నిన్ను ముంచేస్తుందని రాత్రంతా హడలిపోయా.”

“నేను హడలిపోయింది వీడి గురించి!” అంది అక్క. ఆ తర్వాత నా కోటు కాలరు రెండు చేతులతో పట్టుకుని, అక్కడే, ఆ వరండాలో ఏడ్చేసింది. నార్మన్ తన చేతిరుమాలు తీసి ఇచ్చాడు. అక్క తీసుకుంది. అందులోనే గట్టిగా ముక్కు చీదింది.

“అది ఉతికి ఇవ్వాలి,” అన్నాడు నార్మన్.

మార్చి 5, బుధవారం

ఆఫీసు లేదు. అయినా ఏడింటికే లేచాను. లాయర్ల సంస్థకు డెంజిల్ రాయకముందే నేనే రాశాను, ఉన్నదున్నట్టు. లైసెన్సు ఉంటుందో పోతుందో తెలియదు. భయంగా ఉంది. దాంతో పాటు ఆకలి కూడా బాగా వేసింది, నాలుగు టోస్టులు తిన్నాను. పోతే పోయింది, నాకు చేతులున్నాయి, నోరుంది.

ఒక్క సంగతి మాత్రం నిన్నటి నుంచీ వదలడం లేదు. ఆ గది పోతే బ్యాండు పోతుందని ఇద్దరికీ తెలుసు. నార్మన్ ఎనిమిదో ఏట నుంచీ అందులో ఉన్నాడు, అక్కకు పెళ్ళి అయిందే ఆ బ్యాండులో మనిషితో. ఒకరికి తెలియకుండా ఒకరు, దాన్ని నా కోసం వదులుకోవడానికి సిద్ధపడి మెట్లెక్కి వచ్చారు. నేనేమో గోడవార కూర్చుని ఒకరిది మతిమరుపు అనుకున్నాను, ఇంకొకరు నన్ను అవమానించారనుకున్నాను. అది ప్రేమ అని అప్పుడే తెలిసి ఉంటే తల వంచుకుని ‘చూస్తాను’ అనే అన్నానని చెప్పి ఇంటికొచ్చేసేదాన్ని. తెలియలేదు, మంచిదైంది.